తగ్గిన బరువు, మిగిలిన చర్మం, కట్టుకునే బట్ట



మా ఆసుపత్రిలో బరువు తగ్గించే ఆపరేషన్ చేయము. అందుకు కావలసిన సర్జన్లు, పరికరాలు హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలలో ఉన్నాయి. అయితే అక్కడ ఆపరేషన్ చేయించుకుని సొంత ఊరికి తిరిగి వచ్చినవారు ఆ తరువాత రక్తపరీక్షలకు, బి12 ఇంజెక్షన్లకు, బి.పి. చూపించుకోవడానికి మా ఓ.పి.కే వస్తారు. అలా వచ్చేవారు ఈ మధ్య పెరిగారు. షుగరు మాత్రలు తగ్గినవారు, మోకాళ్ళ నొప్పి తగ్గి మెట్లు ఎక్కగలుగుతున్నవారు, గురక తగ్గి ఇంటిల్లిపాదినీ నిద్రపోనిస్తున్నవారు వారిలో ఉన్నారు. వారిని చూసినప్పుడల్లా మాకు సంతోషమే. ఆ సంతోషంలో పడి మేము ఒక విషయం గమనించలేదు. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

కిందటి వేసవిలో ఒక తల్లి ఇంజెక్షన్ కోసం వచ్చారు. వయసు 46. కడుపు సంచిని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ జరిగి ఏడాది దాటి మూడు నెలలు అయింది. 118 కిలోల నుండి 72 కిలోలకు దిగారు. నడుము దగ్గర ఇంజెక్షన్ ఇవ్వడానికి సిస్టరు లంగా బొందు కొంచెం వదులు చేయమని అడిగితే ఆమె వెనుకాడారు. "చేతికే ఇవ్వండమ్మా" అన్నారు. సిస్టరుకు ఏదో వాసన తగిలింది. తెర లాగి, నెమ్మదిగా అడిగారు. బొందు కింద నాలుగు మడతలు పెట్టిన చేతిరుమాలు ఉంది. రుమాలు తీస్తే నడుము చుట్టూ వేలు పట్టేటంత నల్లని గాడి, కుడి పక్కన ఆ గాడిలో రూపాయి బిళ్ళంత పుండు. వేలాడుతున్న పొట్ట చర్మాన్ని ఎత్తి చూస్తే, మడత లోపల ఈ చివర నుండి ఆ చివర వరకు ఒరుసుకుపోయి, ఎర్రగా, తడిగా ఉంది. ఐదు నెలల నుండి అలాగే ఉందట.

ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదని అడిగాము. ఆమె అన్న మాట ఇది: "వచ్చిన ప్రతిసారీ మీరు కాటా ఎక్కించి, ఎంత బాగా తగ్గారో అని మెచ్చుకునేవారు. అంత డబ్బు పోసి చేయించిన మా ఆయన ముందు, అంత సంతోషించే మీ ముందు, నా పొట్ట సంచిలాగా వేలాడుతోందని ఏ నోటితో చెప్పను?"

బొందు అంత బిగించడానికి కూడా ఒక కారణం ఉంది. వదులుగా కడితే పొట్ట చర్మం జారి కుచ్చిళ్ళను ముందుకు తోస్తుంది. ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటకు వస్తుండగా పెద్దావిడ ఒకరు పదిమందిలో, "ఏమ్మా, ఈ వయసులో విశేషమా?" అని నవ్వుతూ అడిగారట. ఆ రోజు నుండి ఆమె ఊపిరి బిగబట్టి బొందు లాగి కట్టడం మొదలుపెట్టారు. పుండు పడ్డాక తెల్లచీర మీద తడి మరక కనిపిస్తుందన్న భయంతో మందిరానికి రావడమే మానేశారు. 118 కిలోలు ఉన్న రోజుల్లో ఒక్క ఆదివారం కూడా మానని మనిషి!

కాటా మీద అంకె చూసి మెచ్చుకున్నాము గానీ, ఆ శరీరం మీద బట్ట ఎలా నిలుస్తోందో మేము ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే అందరికంటే ముందు ఈ లోపాన్ని మా మీద వేసుకుంటున్నాము. బట్టలు కట్టుకోవడం అలంకారం సంగతి, అది ఆసుపత్రి పని కాదు అనుకున్నాము. ఇప్పుడు మా అభిప్రాయం మారింది. బాగా బరువు తగ్గిన మనిషికి ఏ బట్ట, ఎక్కడ, ఎంత బిగువుగా కట్టాలి అన్నది మందు చీటీలో వ్రాయవలసినంత విషయం.

ముందుగా చర్మం ఎందుకు మిగులుతుందో చూద్దాము. చర్మంలో సాగి తిరిగి ముడుచుకునే నారలు ఉంటాయి. పది పదిహేనేళ్ళు లావుగా ఉన్నవారిలో అవి సాగి సాగి పట్టు కోల్పోతాయి. ఎన్నో ఏళ్ళు వాడిన లంగా ఎలాస్టిక్ సాగిపోయాక మళ్ళీ దగ్గరకు రాదు కదా, ఇదీ అంతే. లోపలి కొవ్వు ఏడాది, ఏడాదిన్నరలో కరిగిపోతుంది గానీ పైచర్మం ఆ వేగంతో ముడుచుకోలేదు. వయసు ఎక్కువైనవారిలో, కాన్పులు అయినవారిలో, పొగ త్రాగేవారిలో, ఎక్కువ కిలోలు తగ్గినవారిలో ఇది మరింత కనిపిస్తుంది. ఆపరేషన్ సరిగా చేయకపోవడం వలన వచ్చినది కాదు, మీరు వ్యాయామం చేయకపోవడం వలన వచ్చినదీ కాదు. వ్యాయామం కండను పెంచుతుంది, మనిషిని నిటారుగా నిలబెడుతుంది, తప్పక చేయండి. కానీ వేలాడే చర్మాన్ని అది లోపలికి లాగలేదు. టి.వి.లో చూపే నూనెలు, క్రీములు కూడా లాగలేవు. వాటికి పెట్టే డబ్బుతో గుడ్లు, పాలు, పప్పు కొనుక్కోండి. ఈ ఆపరేషన్ అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరమని సాధారణంగా చెబుతారు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. చిన్న కడుపుతో అంత చేరాలంటే ప్రతి ముద్ద లెక్కే. ఒరుసుకుపోయిన చర్మం మానడానికి కూడా అదే ఆధారం.

ఇక లంగా బొందు సంగతి. మన ఆడవారిలో చాలామందికి నడుము చుట్టూ నల్లని గీత ఉంటుంది. అది పుట్టుమచ్చ అన్నంత మామూలుగా తీసుకుంటాము. సన్నని తాడు, ఒకే చోట, సంవత్సరాల తరబడి, రోజుకు పదహారు గంటలు ఒరుసుకుంటే చర్మం నల్లబడుతుంది, పొలుసులు లేస్తుంది, కొందరిలో పుండు పడుతుంది. ఆ పుండు మానుతూ మళ్ళీ రేగుతూ ఉంటే, చాలా అరుదుగా, అది క్యాన్సరుగా మారవచ్చు. ఇది బెదిరించడానికి చెబుతున్న మాట కాదు. బొంబాయిలో డాక్టర్ వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి కలిసి ధోవతి కట్టు దగ్గర వచ్చే చర్మ క్యాన్సరును గురించి 1945లోనే వ్రాశారు. 2024 నవంబరులో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో మహారాష్ట్రలోని వార్ధా, బీహారులోని మధుబని వైద్యులు ఇద్దరు స్త్రీల సంగతి ప్రచురించారు. ఒకామె వయసు 70, లంగా బొందు కట్టే చోట కుడి పక్కన పుండు, ఏడాదిన్నర మానలేదు. రెండవ ఆమె లంగా లేకుండానే చీరను నడుముకు బిగించి కట్టే అలవాటు ఉన్న మనిషి, ఆమెకు రెండేళ్ళ పుండు. ఇద్దరికీ పరీక్షలో క్యాన్సరు అని తేలింది. వీరు బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవారు కాదు. అయితే వదులు చర్మం ఉన్నవారికి బొందు ఒరిపిడితో పాటు మడతలోని చెమట, తడి కూడా తోడవుతాయి గనుక వారు మరింత జాగ్రత్తగా ఉండాలని మా మనవి. మూడు వారాలు దాటినా మానని పుండు నడుము దగ్గర ఉంటే దాని మీద రుమాలు పెట్టవద్దు. వచ్చి చూపించండి.

"మరి బిగించకపోతే చీర ఎలా నిలుస్తుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మా డాక్టర్ల దగ్గర దొరకలేదు. మా సిస్టర్లు, ఇదే ఆపరేషన్ అయిన ఇద్దరు ముగ్గురు అక్కలు, బజారులోని ఒక లేడీస్ టైలరు కలిసి కనిపెట్టిన ఉపాయాలు ఇవి.

సన్నని బొందు మానివేయండి. అదే లంగాకు నాలుగు అంగుళాల వెడల్పు గల మెత్తని నూలు పట్టీ కుట్టించి, పక్కన రెండు హుక్కులు, రెండు మూడు వరుసల కాజాలు పెట్టించుకుంటే, బరువు ఒక గీత మీద పడకుండా వెడల్పుగా పరుచుకుంటుంది. నెలనెలా నడుము తగ్గుతుంటే లోపలి కాజాకు మారితే సరి. దాని కింద, బొడ్డు పైదాకా వచ్చే నూలు అండర్‌వేర్ వేసుకోండి. వేసుకునేటప్పుడు నిలబడి కాకుండా మంచం మీద వెల్లకిలా పడుకుని, వేలాడే చర్మాన్ని చేత్తో పైకి ఎత్తి లోపలికి సర్దుకుని పైకి లాగాలి. ఇలా చేస్తే మడత కింద చర్మానికి చర్మం తగలదు, మధ్యలో బట్ట ఉంటుంది. ఈ ఒక్క అలవాటుతోనే సగం ఒరిపిడి పోయిందని మా దగ్గరకు వచ్చే ఒక అక్క చెప్పారు. చాలామంది లంగాను మడత కింద, తొడల పైభాగంలో కడుతున్నారు. అది అన్నిటికంటే చెడ్డ చోటు. పట్టీ ఎప్పుడూ మడతకు పైన, బొడ్డు దగ్గరో ఇంకా కొంచెం పైననో ఉండాలి. రోజూ ఒకే గీత మీద కాకుండా ఒక అంగుళం పైకి కిందికి మారుస్తూ ఉండాలి.

చీరకు వస్తే, జార్జెట్, పాలిస్టర్ వంటివి ఒంటికి అతుక్కుని ప్రతి మడతనూ చూపిస్తాయి, పైగా ఉక్కపోతలో గాలి ఆడనివ్వవు. గంజి బాగా పెట్టిన నేత చీర దానికి వ్యతిరేకం. కుచ్చిళ్ళు గొడుగులాగా విచ్చుకుని, ఉన్న పొట్టకంటే రెట్టింపు చూపిస్తాయి. నాలుగైదు ఉతుకులు పడి మెత్తబడిన నూలు చీర, మంగళగిరి అయినా వెంకటగిరి అయినా, గంజి పలచగా పెట్టి కడితే బాగా కుదురుతుంది. కుచ్చిళ్ళు సన్నగా ఎక్కువ పెట్టకుండా, కొంచెం వెడల్పుగా నాలుగైదు పెట్టి, ఎడమ పక్కకు కాస్త జరిపి దోపుకోండి. కుచ్చిళ్ళన్నీ కలిపి ఒక పిన్ను పెట్టి దోపితే లావుగా పొంగవు. ఆ పిన్ను లంగా పట్టీకే గుచ్చండి. ఒంటి మీద స్పర్శ సరిగా లేని చోట పిన్ను గుచ్చుకున్నా కొందరికి తెలియదు. పైటను మడతలు పెట్టి పిన్ను చేయకుండా ఒంటిపొరగా వదిలితే పొట్ట మీదుగా పరుచుకుంటుంది. జాకెట్టు ఒక రెండు అంగుళాలు పొడవు పెంచుకుంటే పక్కల నుండి చర్మం బయటకు రాదు. పైచేతుల చర్మం గురించి బాధపడేవారికి మోచేతి వరకు చేతులు పెట్టించుకోవడం మన అమ్మమ్మల కాలం నుండి ఉన్నదే. ఇప్పుడు అదే ఫ్యాషనట, సంతోషం!

నైటీ వేసుకుంటే అన్నీ తీరిపోతాయని ఇంట్లోనే ఉండిపోయేవారు ఉన్నారు. నైటీలో గాలి ఆడుతుంది నిజమే గానీ లోపల ఏమీ లేకపోతే మడతలో చర్మం చర్మానికి అతుక్కునే ఉంటుంది. నైటీ కిందా పైన చెప్పిన నూలు లోబట్ట ఉండవలసినదే. పంజాబీ డ్రస్సు వేసుకునేవారు బొందు ప్యాంటుకు బదులు వెడల్పు ఎలాస్టిక్ పెట్టించుకుని, టాపు సైడు చీలికలు నడుము దగ్గర నుండి కాకుండా తొడ దగ్గర నుండి మొదలయ్యేలా కుట్టించుకోవాలి.

మగవారు కూడా ఈ బాధ పడుతున్నారు, చెప్పడానికి మరింత సిగ్గుపడుతున్నారు. బెల్టును పొట్ట కింద పెట్టి బిగించడం వారి అలవాటు. బకిల్ సరిగ్గా మడతలో దిగబడుతుంది. నడుము ఎత్తుగా కుట్టించిన ప్యాంటు, దానికి లోపల ఎలాస్టిక్, పైన ఇన్‌షర్ట్ చేయని చొక్కా, లోపల పొడవాటి నూలు బనియను చాలు. బనియనును అండర్‌వేర్ లోకి దోపితే మడతలో బట్ట పడుతుంది. ఇంట్లో లుంగీ కట్టేవారు ముడిని మడతకు పైననే కట్టుకోవాలి.

ఇక ఈ మధ్య బాగా అమ్ముతున్న బిగుతు లోదుస్తులు, శారీ షేప్‌వేర్ అని పిలుస్తున్నవాటి సంగతి. మేము వాటికి పూర్తిగా వ్యతిరేకులము కాము. మెత్తగా, గాలి ఆడేలా ఉండి, చర్మాన్ని ఎత్తి పట్టుకునేది అయితే నడిచేటప్పుడు చర్మం ఊగక, లాగక హాయిగా ఉంటుంది. పెళ్ళికి, పండుగకు రెండు మూడు గంటలు వేసుకుంటే తప్పు లేదు. కానీ ఒక సైజు చిన్నది కొని, ఊపిరాడకుండా ఎక్కించుకుని, ఉదయం నుండి రాత్రి దాకా ఉంచుకోవడం మాత్రం మేము ఒప్పుకోము. స్లీవ్ ఆపరేషన్ అయినవారిలో కొందరికి ఛాతీలో మంట, పుల్లని త్రేనుపులు వస్తాయి. పొట్ట మీద బిగువు పెరిగితే అది ఇంకా ఎక్కువవుతుంది. మంట తగ్గడానికి మాత్రలు మారుస్తూ పోయి, చివరకు కారణం పొట్ట మీది పట్టీ అని తేలినవారిని మేము చూశాము. మేము చెప్పే గుర్తు ఇది: పట్టీలో రెండు వేళ్ళు సులువుగా దూరాలి, విప్పిన అరగంటకు గీత మాయం కావాలి. నిద్రపోయేటప్పుడు వేసుకోకూడదు.

ఏ బట్ట కట్టినా ముందు మడత పొడిగా ఉండాలి. స్నానం అయ్యాక మడతను ఎత్తి, రుద్దకుండా, మెత్తని తువాలుతో అద్ది, ఫ్యాను కింద రెండు నిమిషాలు ఆరనివ్వండి. ఉతికిన పాత నూలు పంచెను పట్టీలుగా చింపి, ఒక పట్టీ మడతలో పరిచి, తడిసినప్పుడల్లా మార్చండి. బయటకు వెళ్ళేటప్పుడు సంచిలో రెండు పట్టీలు పెట్టుకోండి. ముఖానికి వేసుకునే పౌడరు మడతలో వేస్తే చెమటతో ముద్దకట్టి ఇసుకలాగా ఒరుసుకుంటుంది. కొబ్బరినూనె, పసుపు ఒరుసుకుపోయిన చోట పూయవద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, మెడికల్ షాపులో "దురదకు" అని అడిగి తెచ్చుకునే ఆయింట్‌మెంట్లు వద్దు. వాటిలో చాలావాటిలో స్టీరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద పోయినట్టు అనిపించి, ఫంగస్ లోపల విస్తరించి, ఉన్న చర్మం కాస్తా పలచబడుతుంది. షుగరు అదుపు తప్పినా ఇక్కడే ముందుగా తెలుస్తుంది. ఎరుపు విస్తరిస్తున్నా, చీము, జ్వరం ఉన్నా అదే రోజు రావాలి. దగ్గినప్పుడు పొట్ట మీద ఒక చోట గడ్డలాగా పొంగితే అది వదులు చర్మం కాకపోవచ్చు, హెర్నియా కావచ్చు, దాని మీద పట్టీ బిగించకుండా ముందు చూపించండి.

ఆ చర్మాన్ని కోసి తీసివేయవచ్చు కదా అని అడిగేవారు ఉన్నారు. తీయవచ్చు. కేవలం వేలాడే చర్మాన్ని తీసేది ఒక రకం, దానితో పాటు పొట్ట కండరాలను కూడా బిగించేది మరో రకం. రెండూ పెద్ద ఆపరేషన్లే, పొడవైన మచ్చ మిగులుతుంది. తొందరపడకూడదు. మొదటి ఆపరేషన్ అయి ఏడాది, ఏడాదిన్నర గడిచి, బరువు కొన్ని నెలల పాటు ఒకే చోట నిలిచిన తరువాతనే ఆలోచించాలి. రక్తం, మాంసకృత్తులు సరిగా ఉండాలి, పొగాకు మానాలి, పిల్లలు కావాలనుకునేవారు కాన్పుల తరువాతకు వాయిదా వేసుకోవడం మంచిది.

ఖర్చు మాటకు వస్తే, ఇన్సూరెన్సు వారు దీనిని అందం కోసం చేసే ఆపరేషన్ అని తోసివేయడం సాధారణం. అయితే ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2019లో తయారుచేసిన ప్రామాణిక మినహాయింపుల పాఠంలో ఒక చిన్న తలుపు ఉంది. ప్లాస్టిక్ సర్జరీ మినహాయింపే గానీ, రోగికి ప్రత్యక్షమైన, తక్షణమైన ఆరోగ్య ప్రమాదాన్ని తొలగించడానికి అవసరమని వైద్యుడు ధ్రువీకరిస్తే ఆ మినహాయింపు వర్తించదు. మీ పాలసీ కాగితంలో ఆ మాట ఎలా ఉందో చదువుకోండి. ఇక్కడ మా సలహా ఒక్కటే. మడతలో పుండు పడిన ప్రతిసారీ వచ్చి చూపించి, చీటీ మీద వ్రాయించుకుని, ఆ చీటీలు దాచుకోండి. దాచిపెట్టిన పుండుకు కాగితం ఉండదు. కాగితం లేనిదానికి ఏ వైద్యుడూ ధ్రువీకరణ ఇవ్వలేడు. అంతా చేసినా క్లెయిము వస్తుందని మేము మాట ఇవ్వలేము.

అందరికీ ఈ రెండవ ఆపరేషన్ అవసరం లేదన్నది మా గట్టి అభిప్రాయం. మరోవైపు, "ప్రాణం నిలిచింది చాలదా, ఇంకా పొట్ట సోకులా?" అని ఇంట్లోవారు కసరడం కూడా మాకు నచ్చదు. నడిచినప్పుడల్లా రెండు కిలోల చర్మం తొడల మీద కొట్టుకుంటుంటే అది సోకు కాదు. భర్తలకు, అత్తమామలకు ఒక మాట: ఈ ఏడాదిన్నరలో ఆమెకు నాలుగుసార్లు లంగాలు, జాకెట్లు మార్చవలసి వస్తుంది. పట్టుచీరలు కొనక్కర లేదు గానీ టైలరు ఖర్చుకు సణగవద్దు. ఇది కూడా మందుల ఖర్చులో భాగమే అనుకోండి. టైలరుతో చెప్పి ఇప్పుడు లోపలికి తీసే కుట్టును కోయకుండా లోపల వదలమంటే, రెండు మూడు కిలోలు అటూ ఇటూ అయినా అదే జాకెట్టు పనికి వస్తుంది.

సంఘంలోని పెద్దలకు, అక్కలకు, వదినలకు మరొక మాట. మనం ప్రేమతోనే అడుగుతాము, కాదనము. "చిక్కి శల్యమైపోయావు, ఏం జబ్బు?", "ముఖం ముడతలు పడింది, అప్పుడే బాగుండేదానివి", "ఆపరేషనుతో తగ్గడం కూడా ఒక తగ్గడమేనా?", "పొట్ట ఇంకా పోలేదే?" ఇవన్నీ మందిరం మెట్ల మీద మా చెవులతో విన్నవే. బాగా బరువు తగ్గిన మనిషి కనబడితే పిల్లల చదువులు, పంటలు, కూర ఏం వండారో అడగండి. ఒంటి సంగతి ఆమె ఎత్తితే వినండి, లేకపోతే విడిచిపెట్టండి. కూర్చునే చోటు విషయంలో కూడా కొంచెం ఆలోచించాలి. చాప మీద గంటన్నర ముడుచుకుని కూర్చుంటే మడత నలిగి తడుస్తుంది. ఎవరైనా వెనుక కుర్చీలో కూర్చుంటే గర్వం అనుకోకండి. తెల్లచీర కట్టలేదేమని అడగకండి.

పైన చెప్పిన తల్లి పుండుకు డాక్టరుగారు ముక్క తీసి పరీక్షకు పంపుదామా అని ఆలోచించి, ముందు బొందు మానిపించి మూడు వారాలు చూద్దామన్నారు. పుండు మూడవ వారానికి సగమైంది, ఆరవ వారానికి మానింది. నల్లని గాడి ఇంకా ఉంది, అది పోవడానికి చాలా కాలం పడుతుంది. పట్టీ లంగా మొదట కుట్టించుకున్నది ఆమే. ఇప్పుడు మరో ఇద్దరికి కొలతలు చెప్పి కుట్టిస్తున్నారు. పొట్ట చర్మం అలాగే ఉంది. దాని గురించి ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఈస్టరు నుండి మందిరానికి వస్తున్నారు, లేత నీలం చీరలో, వెనుక వరుస కుర్చీలో.

ఇకమీదట బరువు తగ్గించే ఆపరేషన్ అయినవారు ఎవరు వచ్చినా, కాటా ఎక్కించిన తరువాత సిస్టరు తెర వెనుకకు తీసుకువెళ్ళి నడుము, మడత చూస్తారు. మగవారిని మగ నర్సు చూస్తారు. దీనికి వేరే ఫీజు లేదు. ఒక్క విన్నపం. ఆసుపత్రికి వెళ్తున్నామని ఆ రోజు ప్రత్యేకంగా కొత్త లంగా, వదులు బట్ట కట్టుకుని రావద్దు. రోజూ ఏది కడతారో, ఎంత బిగువుగా కడతారో అలాగే కట్టుకుని రండి. మేము చూడవలసినది ఆ బొందు గుర్తే.